ఇంజన్ కింద కవర్ లేని బండి: ఉప్పల్ షెడ్డులో ఒక కేసు

2024 జూలై రెండో వారం. ముందు రాత్రంతా ముసురు పట్టి, పొద్దున కాస్త తెరిపి ఇచ్చింది. బండి ఇంకా షెడ్డు గేటు దాటనేలేదు, లోపల టైరు విప్పుతున్న మా పోరడు తల ఎత్తకుండానే "ఉస్తాద్, బెల్టు" అన్నాడు. నిజమే, కీచుమని ఒకటే అరుపు. రెండు నిమిషాలు ఇంజన్ నడిచాక దానంతటదే సద్దుమణిగింది. దిగింది ఒక లెక్చరర్ మేడమ్. ఇల్లు బోడుప్పల్, కాలేజీ ఘట్‌కేసర్ అవతల. బండి 2016 మోడల్ డీజిల్ హ్యాచ్‌బ్యాక్, 83 వేల కిలోమీటర్లు తిరిగింది. ఆమె చేతిలో ప్లాస్టిక్ ఫోల్డరు, అందులో బిల్లులన్నీ తేదీల వారీగా. ఇలా బిల్లులు దాచుకునే కస్టమర్ దొరికితే మెకానిక్‌కు సగం పని అయిపోయినట్టే. మిగతా సగం భయం.

ఆమె చెప్పినవి మూడు. వాన పడితే బెల్టు అరుస్తుంది. అదే సమయంలో డ్యాష్‌బోర్డు మీద బ్యాటరీ లైటు వెలిగి ఆరుతుంది, స్టీరింగు లైటు కూడా ఒకసారి వెలిగింది. ఇక ఏసీ. హన్మకొండ వెళ్లేటప్పుడు హైవే మీద వణికిస్తుంది, ఉప్పల్ రింగ్ రోడ్డు దగ్గర సిగ్నల్లో ఆగితే మాత్రం ఫ్యాను గాలే. "ఎండల్లో సరే అనుకున్నా, వానాకాలంలో కూడా ఇంతేనా?" అని ఆమె ప్రశ్న.

బిల్లులు చూశాను. మార్చిలో ఏసీ గ్యాసు, 1,600. మే నెలలో మళ్లీ గ్యాసు, 1,800. జూన్ మొదటి వానకు కొత్త బెల్టు, 1,450. జూలై మొదట్లో కొత్త బ్యాటరీ, 5,200. నాలుగు చోట్ల నాలుగు బిల్లులు, మొత్తం 10,050 రూపాయలు. ఎవరూ మోసం చేసినట్టు నాకు కనిపించలేదు. బెల్టు అరిస్తే బెల్టు, చల్లదనం తగ్గితే గ్యాసు, బ్యాటరీ లైటు వెలిగితే బ్యాటరీ. పేరును బట్టి మందు ఇచ్చారు, అంతే. అయితే బ్యాటరీ గుర్తున్న ఆ ఎర్ర లైటు చెప్పేది బ్యాటరీ చచ్చిపోయిందని కాదు, చార్జింగ్ రావడం లేదని. ఈ ఒక్క ముక్క తెలియక హైదరాబాదులో ఎన్ని మంచి బ్యాటరీలు ఎక్స్చేంజిలో పోతున్నాయో.

బానెట్ ఎత్తి టార్చి వేశాను. పైనుంచి చూస్తే ఇంజన్ పక్కనుంచి కింద నేల కనిపించింది. మా షెడ్డు సిమెంటు గచ్చు, దాని మీద పాత ఆయిల్ మరక, అన్నీ స్పష్టంగా. అలా కనిపించకూడదు. లిఫ్టు ఎక్కించాం. ఇంజన్ కింద కవర్ లేదు. దానితోపాటు డ్రైవర్ వైపు ముందు చక్రం లోపల, బెల్టుకు అడ్డంగా ఉండాల్సిన చిన్న పక్క కవర్ కూడా సగం చిరిగి ఉంది.

"మేడమ్, దీని కింద నల్ల ప్లాస్టిక్ కవర్ ఉండాలె. ఏడవోయింది?"

ఆమె కాసేపు ఆలోచించి నవ్వింది. పోయిన అక్టోబరులో ఒకచోట ఆయిల్ మార్పించారు. డిసెంబరులో నారపల్లి దగ్గర గుంతలో పడ్డప్పుడు కింద ఏదో బరబరా ఈడ్చుకుపోతున్న చప్పుడు. రోడ్డు పక్క మెకానిక్ పడుకుని చూసి, వేలాడుతున్నదాన్ని పీకేసి, "ఇది ఉన్నా లేకున్నా ఒకటే అక్కా, ప్లాస్టిక్‌దే" అని డిక్కీలో వేశాడు. సంక్రాంతికి ఊరెళ్లే ముందు డిక్కీ సర్దుతూ, పాత పేపర్లతోపాటు దాన్ని కూడా తుక్కు సామాన్ల బండికి ఇచ్చేశారు. "పది రూపాయలు ఎక్కువ ఇచ్చాడు" అంది.

ఆ రోడ్డు పక్క మెకానిక్ చేసింది సగం సరైన పని అని ముందే చెబుతాను. వేలాడే కవర్‌తో బండి నడపడం కవర్ లేకుండా నడపడం కంటే ప్రమాదం. ముందు అంచు జారితే గాలి దాన్ని గరిటెలా పట్టి కిందికి లాగుతుంది. ముందు చక్రం దాని మీదికి ఎక్కొచ్చు, చిరిగిన ముక్క సైలెన్సరు పైపుకు తగిలి కరగొచ్చు, వెనకొచ్చే బైకు ముందు ఊడి పడొచ్చు. పీకి డిక్కీలో వేయడమే మేలు. తప్పల్లా "ఉన్నా లేకున్నా ఒకటే" అన్న మాటలో ఉంది.

కంపెనీ పార్టుల లిస్టులో దీన్ని ఇంజన్ అండర్ కవర్ అంటారు, కొందరు స్ప్లాష్ గార్డు అంటారు, మా షెడ్లలో కింద కవర్. చూడ్డానికి నాలుగు మిల్లీమీటర్లు కూడా మందం లేని ప్లాస్టిక్ రేకు. కొన్ని కొత్త బండ్లకు ఫెల్టు గుడ్డలా ఒత్తిన మెత్తటిది వస్తుంది. రాయి కొడితే ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే చాంబరును ఇది కాపాడుతుందని చాలామంది అనుకుంటారు. చిన్న కంకరకు సరే, పెద్ద రాయికి ఇది అడ్డం కాదు. దీని అసలు పనులు వేరు. ముందు చక్రాలు ఎగజిమ్మే నీళ్లూ బురదా బెల్టు మీదికి, ఆ బెల్టుతో తిరిగి బ్యాటరీకి చార్జింగ్ ఇచ్చే ఆల్టర్నేటరులోకి, వైర్ల జాయింట్లలోకి పోకుండా చూడటం ఒకటి. ముందు జాలీలోంచి వచ్చిన గాలి రేడియేటరు దాటి వెనక్కి పోవాలి, బంపరు కింద సందుల్లోంచి తిరిగి ముందుకు రాకూడదు, ఆ దారి కట్టేయడం ఇంకొకటి. ఈ రెండోది కార్ల వాళ్లలో చాలామందికి, మెకానిక్‌లలో కొందరికి తట్టదు.

ఇప్పుడు ఆమె దారి చూడండి. ఉప్పల్–నారపల్లి ఎలివేటెడ్ కారిడార్ పనులు 2018లో మొదలయ్యాయి. అవి నడిచినన్నాళ్లూ పిల్లర్ల పక్కన మిగిలిన రోడ్డు ఎండాకాలం దుమ్ము, వానాకాలం సిమెంటు బురద. ఆమె రోజుకు రెండుసార్లు ఆ దారిలోనే. కింద తెరిచి ఉన్న ఇంజన్‌కు ఇంతకంటే గట్టి పరీక్ష ఇంకోటి పెట్టలేం.

లిఫ్టు కింద కనిపించినవి చెబుతాను. క్రాంకు పుల్లీ గాళ్లలో ఎండిన బురద గట్టిపడి సున్నం పట్టినట్టు తెల్లగా ఉంది. నెల కిందట వేసిన బెల్టు లోపలి వైపు అద్దంలా మెరుస్తోంది, రెండు గీతల మధ్య ఇసుక రేణువులు దిగబడి ఉన్నాయి. బెల్టుకు దారి చూపే ఐడ్లర్ పుల్లీని చేత్తో తిప్పితే గరగరమంది. లోపలి బేరింగు గ్రీజు కడిగేసినట్టై తుప్పు నీళ్లు కారిన మరక. ఆల్టర్నేటరు ఒంటి నిండా బురద చిలుము. ఏసీ కంప్రెసరుకు వచ్చే రెండు పిన్నుల ప్లగ్గు విప్పితే ఒక పిన్ను ఆకుపచ్చగా మారింది. ఆయిల్ చాంబరుకు మాత్రం గీత కూడా లేదు. కవర్ పోతే చాంబరు పగులుతుందని భయపడేవాళ్లకు ఇది గమనించాల్సిన సంగతి.

ఆల్టర్నేటరు గురించి ఒక మాట. దాన్ని సీలు చేసి పెట్టరు. తిరిగేటప్పుడు బాగా వేడెక్కుతుంది, చల్లబడటానికి గాలి లోపలికీ బయటికీ పోవాలి, అందుకే ఒళ్లంతా కన్నాలు. నాలుగు వాన చినుకులు పడితే దానికేమీ కాదు, ఎండిపోతాయి. రోజూ ఇసుక కలిసిన నీళ్లు పడితే బ్రష్షులు అరుగుతాయి, బేరింగు గ్రీజు పోతుంది.

అనుమానం ఉంది కదా అని కవర్ తెప్పించి బిగించేస్తే కేసు అయిపోదు. మేడమ్ ఇప్పటికే నలుగురి అనుమానాలకు డబ్బు కట్టింది. ఐదోవాణ్ణి నేను కాకూడదు. అందుకే ముందు నీళ్ల పరీక్ష.

ఇంజన్ పొడిగా ఉన్నప్పుడు బ్యాటరీ టెర్మినళ్ల మీద మీటరు పెడితే 14.2 వోల్టులు. హెడ్‌లైట్లు, ఏసీ, వెనక అద్దం హీటరు అన్నీ వేసినా 13.9. ఆల్టర్నేటరు పని చేస్తోంది, బ్యాటరీ తీసుకుంటోంది. తర్వాత బండిని కొంచెం ఎత్తి, డ్రైవర్ వైపు చక్రం వెనకనుంచి మామూలు తోట పైపుతో, టైరు జిమ్మినట్టే పలచగా నీళ్లు కొట్టించాను. ప్రెషర్ వాషరు వాడలేదు, అది అన్యాయపు పరీక్ష, దానికి మంచి బండి కూడా కేక వేస్తుంది. ఇరవై సెకన్లలో అరుపు మొదలైంది. మీటరు 14 నుంచి జారి 12.1కి వచ్చింది, ఎర్ర లైటు వెలిగింది. నీళ్లు ఆపేశాక నిమిషంన్నరకు మళ్లీ 14.1. మేడమ్ పక్కనే కుర్చీలో కూర్చుని చూస్తోంది. "నా కొత్త బ్యాటరీ?" అంది. "దాని తప్పేం లేదు మేడమ్" అన్నాను. పాతదాని తప్పు కూడా లేదేమో అని నోటిదాకా వచ్చింది కానీ, నేను చూడని బ్యాటరీ మీద తీర్పు చెప్పడం మర్యాద కాదు.

అడ్డుగా ఒక అట్టముక్క పట్టుకుని మళ్లీ అదే పైపు, అదే కోణం. బెల్టు కిక్కురుమనలేదు. నీళ్లు బెల్టుకూ పుల్లీకీ మధ్య సబ్బులా పని చేస్తాయి. జారిన బెల్టు వేడెక్కి నున్నబడుతుంది, నున్నబడ్డ బెల్టు తర్వాత రెండు చుక్కలకే జారుతుంది. ఇసుక దానికి తోడు. బురద పట్టిన పుల్లీల మీద కొత్త బెల్టు వేస్తే నెల తిరక్కుండా అదీ పాతదాని దారే పడుతుంది.

ఏసీ దగ్గర కథ అంత సూటిగా లేదు. నేను ఎక్కువసేపు గడిపింది దాని మీదే.

మధ్యాహ్నానికి ఎండ వచ్చింది, నీడలో 34 డిగ్రీలు. అద్దాలు ఎత్తి, బ్లోయరు రెండో నంబరులో పెట్టి, పావుగంట ఐడిల్లో నడిపాం. మధ్య వెంటులో గాలి 18 డిగ్రీల దగ్గర ఆగిపోయింది. గేజీలు తగిలిస్తే హై సైడు, అంటే కంప్రెసరు గ్యాసును నొక్కి పంపే వైపు ప్రెషరు, 310 పీఎస్ఐ. ఇంత వేడికి ఇది బాగా ఎక్కువ. గ్యాసు తక్కువైతే ప్రెషరు ఇలా పైకి పోదు. రెండుసార్లు గ్యాసు పోసిన బండి, పైగా ప్రెషరు ఎక్కువ. పోసినవాళ్లు ఉన్న గ్యాసు మొత్తం తీయకుండా, తూకం లేకుండా, గేజీ చూసి మీద పోశారన్నమాట. మెషీనుతో మొత్తం లాగి తూచాను. బానెట్ కింద స్టిక్కరు మీద ఆర్134ఎ 380 గ్రాములని ఉంది, లోపల ఉన్నది 460.

అంటే ఇక్కడ రెండు దొంగలు కలిసి ఉన్నారు. అదనపు గ్యాసు ఒకటి, లేని కవర్ ఒకటి. రెండూ హై సైడును పెంచేవే. కవర్ వేసి, గ్యాసు కూడా సరిచేసి "చూశారా, కవర్ మహిమ" అంటే అది మెకానిక్ పని కాదు, కోయదొర పని. అందుకని ముందు గ్యాసు మాత్రమే సరిగ్గా 380 గ్రాములు ఎక్కించి మళ్లీ పావుగంట. వెంటులో 15.5, హై సైడు 275. మెరుగే, కానీ చాలదు. కండెన్సరు (రేడియేటరు ముందుండి ఏసీ వేడిని బయటికి వదిలేది) ముందు, బంపరు కింది సందు దగ్గర థర్మామీటరు వైరు వేలాడదీస్తే 52 డిగ్రీలు! బయట 34 ఉంటే కండెన్సరు పీల్చే గాలి 52. ఫ్యాను వెనక్కి నెట్టిన వేడిగాలి నేలకు కొట్టుకుని, బంపరు కిందినుంచి తిరిగి ముందుకు వచ్చి మళ్లీ జాలీలోకి పోతోంది. తన ఊపిరి తానే పీల్చుకుంటున్నట్టు.

హైవే మీద ఏసీ ఎందుకు బాగుందో కూడా ఇక్కడే తేలింది. బండి కదిలితే ఎదురుగాలి వేడిని వెనక్కి తోసేస్తుంది, తిరిగి వచ్చే దారి ఉండదు. సిగ్నల్లో ఆగితే ఆ తోపు లేదు.

కవర్ చేతికి రావడానికి ఇంకా రోజు పడుతుంది. మా గోడకు ఆనించి పాత ఎన్నికల ఫ్లెక్సీ ఒకటి ఉంది, వానకు సామాన్ల మీద కప్పడానికి తెచ్చుకున్నది. దాన్ని ముక్క కోసి, బంపరు అంచు నుంచి ఇంజన్ కింద సగం దాకా, ఎగ్జాస్టు పైపుకు దూరంగా, నాలుగు క్లిప్పులతో కట్టాం. నాయకుడి ముఖం కిందికి, నమస్కారం పెడుతూ. (ఇది ఇంట్లో చేయకండి. నిలబడ్డ బండికి, పావుగంట, పక్కన మనిషి ఉండగా చేసిన పరీక్ష. ఫ్లెక్సీ వేడికి అంటుకుంటే చుట్టూ డీజిల్ బండి ఉంటుంది.) మళ్లీ పావుగంట. కండెన్సరు ముందు గాలి 41, హై సైడు 240, వెంటులో 12.5. ఫ్లెక్సీ విప్పితే పది నిమిషాల్లో మళ్లీ 15 దాటింది. కట్టితే దిగింది. అప్పుడు నమ్మాను.

కాబట్టి ఏసీలో పోయిన 5.5 డిగ్రీల్లో రెండున్నర అదనపు గ్యాసువి, మూడు కవర్‌వి. మార్చిలో మొదటిసారి గ్యాసు పోయించేనాటికే కవర్ పోయి రెండు నెలలు దాటింది. నా అంచనా ఏమిటంటే అప్పుడు గ్యాసు సరిగానే ఉంది, చల్లదనం తగ్గింది కవర్ పోవడం వల్ల. లేని రోగానికి వేసిన మందు ఇంకో రోగం తెచ్చింది.

మేడమ్‌కు కోపం వచ్చింది మాత్రం బెల్టు దగ్గర. ఐడ్లర్ బేరింగు మార్చాలన్నాను, సరే అంది. ఆల్టర్నేటరు విప్పి బ్రష్షులు, బేరింగులు వేయించాలన్నాను, సరే అంది. బెల్టు మళ్లీ కొత్తది అనగానే ఫోల్డరు తెరిచి బిల్లు చూపించింది. "నెల కింద వేసిందయ్యా ఇది! కడిగి వేయరాదూ?" పాత రకం రబ్బరు బెల్టులైతే పగుళ్లు చూపించి ఒప్పించేవాణ్ణి. ఇప్పటి ఈపీడీఎం అనే కొత్త రకం రబ్బరు బెల్టులు అంత తొందరగా పగలవు, లోపల గీతలు అరిగిపోతాయి, పైకి నల్లగా నిగనిగలాడుతూనే ఉంటాయి. కొత్త బెల్టు తెప్పించి రెండూ పక్కపక్కన పెట్టి వేలితో తడమమన్నాను. పాతదాని గీతల్లో గోరు ఎక్కువ దిగింది, ఒక గీత అంచు పళ్లు ఊడిన దువ్వెనలా ఉంది. పైగా ఈ ఇంజన్లో వాటర్ పంపును కూడా ఇదే బెల్టు తిప్పుతుంది. ఏసీ కోసమో లైట్ల కోసమో అయితే "నడపండి, చూద్దాం" అనేవాణ్ణి. బెల్టు తెగితే కూలెంటు ఆగిపోతుంది, గేజీ ముల్లు పైకి పోవడం చూసుకోకుండా రెండు మూడు కిలోమీటర్లు లాగితే హెడ్డు పోతుంది. ఆ లెక్క చెప్పాక ఫోల్డరు మూసేసింది.

కవర్ వెతుకులాట రెండు రోజులు పట్టింది. పుత్లీబౌలి వైపు స్పేర్‌పార్ట్స్ దుకాణాల్లో మొదట ఇచ్చింది అదే బండి పెట్రోలు మోడల్‌ది. బయటి ఆకారం ఒకటే, ఇంజన్ దగ్గరి కన్నాలు వేరు. ఆయిల్ డ్రెయిన్ బోల్టు దగ్గర కిటికీ ఇంకోవైపు ఉంది. మా పోరడు "బ్లేడుతో కోద్దాం ఉస్తాద్" అన్నాడు. వద్దన్నాను. కోసిన చోటినుంచే చీలుతుంది, పైగా గాలి దారి కోసమే కదా ఇంత రామాయణం. ఛాసిస్ నంబరు ఇచ్చి కంపెనీ పార్టు తెప్పించాం, 2,150. చక్రం లోపలి పక్క కవర్ 640. పార్టు కొనేటప్పుడు మోడలూ సంవత్సరమూ చెబితే చాలదు, ఇంజనూ చెప్పాలి, వీలైతే ఆర్‌సీ ఫొటో పంపాలి.

ఈలోపు మేడమ్ వాళ్లాయన ఫోన్ చేశారు. యాక్సెసరీస్ షాపులో ఇనుప రేకు గార్డు వేస్తామంటున్నారు, రెండు మిల్లీమీటర్లు, ప్లాస్టిక్ కంటే గట్టిది కదా అని. ఈ ప్రశ్న నెలకు రెండుసార్లు వింటాను. కచ్చా రోడ్డుమీద తిరిగే పెద్ద బండికి కంపెనీయే డిజైన్ చేసిన స్కిడ్ ప్లేటు వేరే సంగతి. దానికి బిగించే చోట్లు చట్రంలోనే ఉంటాయి, గాలికి కిటికీలు ఉంటాయి. బయట మడిచి ఇచ్చే రేకు అలా కాదు. ప్లాస్టిక్‌ను పట్టుకునే సన్న బోల్టులకే పదికిలోల రేకు వేలాడదీస్తారు. స్పీడు బ్రేకరుకు తగిలితే ప్లాస్టిక్ వంగి మళ్లీ లేస్తుంది, రేకు వంగి అలాగే ఉండిపోయి చాంబరును నొక్కుతుంది. పైగా డప్పులా మోగుతుంది. సిటీ హ్యాచ్‌బ్యాక్‌కు నేను వేయను. వేయించుకుంటానంటే కాదనను, ఇంకో షెడ్డు చూసుకోమంటాను.

పని మూడో రోజు సాయంత్రం అయింది. పుల్లీలన్నీ విప్పి వైరు బ్రష్‌తో కడిగాం, కంప్రెసరు ప్లగ్గు పిన్ను శుభ్రం చేశాం, ఆల్టర్నేటరు మా వీధి చివర ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గర 1,900కు తయారై వచ్చింది. నీళ్ల పరీక్ష మళ్లీ చేశాం: 13.9 కంటే దిగలేదు. ఏసీ వెంటు 12. బిల్లు మొత్తం 10,120. పాత నాలుగు బిల్లుల మొత్తానికి డెబ్బై రూపాయలు ఎక్కువ. ఆ కాయితం ఆమె ఫోల్డరులో పెట్టుకుంటుంటే నాకే ఎలాగో అనిపించింది.

ఇక్కడిదాకా గొప్పగా రాశాను, ఇప్పుడు నా తప్పు. కవర్‌కు తొమ్మిది చోట్ల బిగింపు ఉంది. ఏడు చోట్ల 10 నంబరు స్పానరుకు పట్టే బోల్టులు, రెండు చోట్ల ప్లాస్టిక్ క్లిప్పులు. వెనక వైపు రెండు బోల్టులు ఎక్కే స్ప్రింగు నట్లు తుప్పుపట్టి విరిగిపోయి ఉన్నాయి. అక్టోబరులో ఆయిల్ మార్చినవాళ్లు వాటిని అలాగే వదిలేసి ఉంటారు, కవర్ జారడానికి మొదలు అక్కడే. నా దగ్గర ఆ సైజు స్ప్రింగు నట్లు అయిపోయాయి. సాయంత్రం ఏడైంది, మేడమ్ ఆటోలో వచ్చి నిలబడింది. రెండు ప్లాస్టిక్ పుష్ క్లిప్పులు కొట్టి పంపేశాను. పన్నెండో రోజు ఫోన్: "మళ్లీ టపటప చప్పుడు వస్తోంది." తీసుకొచ్చి చూస్తే వెనక అంచు అరచేయి మందం కిందికి జారింది. ఆ రోడ్డు కుదుపుకి క్లిప్పులు నిలవలేదు. నేను ఎవరినైతే మనసులో తిట్టుకున్నానో అతను చేసిన పనే నేనూ చేశాను. ఇద్దరికీ తొందరే కారణం. నట్లు తెప్పించి, అన్ని బోల్టులకూ వెడల్పు వాషర్లు వేసి, డబ్బు తీసుకోకుండా బిగించాను.

ఈసారి ఇంకోటి కూడా చూసుకున్నాను. ఈ బండిలో కవర్ ముందు అంచు బంపరు పెదవి పైకి, అంటే లోపలికి దూరాలి. బయటికి వస్తే ఎదురుగాలి దూరి లాగేస్తుంది. ఇంటి మీద పెంకులు వాన వాలుకు ఎలా పరుస్తామో ఇదీ గాలి వాలుకు అలాగే. మొదటిసారి మా పోరడు సరిగ్గానే పెట్టాడు, ఆ తప్పు మాది కాదు.

ఈ కేసు చెప్పినప్పుడల్లా అడిగేది ఒకటే: కవర్ లేకుండా బండి నడపొచ్చా? నడపొచ్చు. పొడి రోడ్డు మీద పార్టు వచ్చేదాకా వారం పది రోజులు తిరిగితే ఏమీ కాదు, ఇంజన్ పేలిపోదు. నీళ్లు నిలిచిన రోడ్డు వస్తే మాత్రం నెమ్మదిగా పోండి, అటు తర్వాత బెల్టు అరిస్తే ఏసీ ఆపేయండి, దాని బరువు తగ్గుతుంది. నడుము లోతు నీళ్లలో కవర్ ఉంది కదా అని దిగకండి. మలక్‌పేట రైలు వంతెన కింద ఆగిపోయే బండ్లలో నీళ్లు ఇంజన్లోకి పోయేది గాలి పీల్చే గొట్టంలోంచి, దానికి కింద కవర్‌తో సంబంధం లేదు. పైగా లోతు నీళ్లు ఎదురు తోస్తే ఉన్న కవరే చిరిగిపోతుంది. అలాంటి నీళ్లు దాటాక ఒకసారి వంగి కిందికి చూడండి. వేలాడుతుంటే తాత్కాలికంగా కట్టడానికి బైండింగ్ వైరు వాడొద్దు, ప్లాస్టిక్‌ను కత్తిలా కోస్తుంది. జిప్ టైలు చల్లటి ముందు వైపు నడుస్తాయి, ఎగ్జాస్టు దగ్గర కరిగిపోతాయి. పూర్తిగా విప్పి డిక్కీలో పెట్టి, దయచేసి తుక్కువాడికి ఇవ్వకుండా, షెడ్డుకు తీసుకురండి.

సర్వీసు నుంచి బండి తెచ్చుకునేటప్పుడు ఇంకో చిన్న పని. ఆయిల్ మార్చడానికి చాలా బండ్లలో ఈ కవర్ విప్పాల్సిందే. తిరిగి బిగించేటప్పుడు ఒకటి రెండు బోల్టులు మిగిలిపోవడం మా వృత్తిలో పాత జాడ్యం. "కింద కవర్ బోల్టులు అన్నీ వేశారా?" అని ఒక్కసారి అడగండి. అడిగిన బండికి వేస్తాం.

మేడమ్ ఆ తర్వాత 2025 ఫిబ్రవరిలో ఆయిల్ మార్పుకు వచ్చింది. బెల్టు అరుపు మళ్లీ రాలేదంది, ఫోల్డరులో కొత్త కాయితం ఏదీ చేరలేదు. కవర్ విప్పి బోర్లించాం. రెండు దోసిళ్ల ఎండు బురద, ఒక సిమెంటు పెచ్చు, గాలిపటం దారం చుట్ట, మొక్కజొన్న కంకి ఒకటి. కంకి సగం కొరికి ఉంది. ఆమె అపార్టుమెంటు సెల్లారులో ఎలుకలున్నాయన్నమాట, వాటికి ఈ కవర్ కొత్త వరండా. వైర్లన్నీ ఒక్కొక్కటే పట్టి చూశాం, ఏదీ కొరకలేదు. కడిగి ఎండబెట్టాక తొమ్మిది బిగింపులూ మా పోరడే బిగించాడు, బయటికి వినపడేలా లెక్కపెడుతూ.